చేదు తగిలితే చెప్పండి

బేస్‌మెంట్‌లో, బాయిలర్ గది దాటాక,
లాండ్రీ బళ్ళు ఒరుసుకుని ఒరుసుకుని
గోడకి రంగు ఊడిపోయిన మలుపులో
నా తలుపు.
డండీలో టే నది ఎంత వెడల్పో
ఇక్కడ కూర్చుంటే తెలీదు.
కిటికీ లేదు.
బయట వానో కాదో
వచ్చినవాళ్ళ బూట్లు చూసి చెప్పాలి.

పై అంతస్తుల్లో పడుకున్నవాళ్ళు నా పేషెంట్లు కారు.
వాళ్ళని ఎత్తేవాళ్ళు, తుడిచేవాళ్ళు, కుట్టేవాళ్ళు,
ఆఖర్న ముఖం మీదికి దుప్పటి లాగేవాళ్ళు,
వాళ్ళకి ఎక్కడ నొప్పి అని అడగడం నా ఉద్యోగం.
ఎక్కడా లేదంటారు.
ఈ గదిలో అది పలకరింపు లాంటిది.

లాండ్రీ నుంచి సెంగా డతీ వచ్చింది పొద్దున్నే.
ముప్పై ఒక్క ఏళ్ళు ఆ యంత్రాల మధ్య.
చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి
కూత వినబడితే బటన్ నొక్కమన్నాను.
ఒక్కటీ తప్పకుండా నొక్కింది.
అనుమానమొచ్చి
నా చెయ్యి బల్ల కిందికి దించాను.
బటన్ ఆగిపోయింది.
నవ్వింది. పట్టుబడ్డ పిల్ల నవ్వు.
పెదాలు చదువుతూ ఎన్నేళ్ళు నెట్టుకొచ్చావని అడిగాను,
నా పెదాలు చదివి
జవాబు చెప్పలేదు.

తరవాత రాత్రి డ్యూటీ కుర్ర డాక్టరు.
మూడు గంటల వేళ వేలికి సూది దిగిందట.
రక్తం పిండి, కడిగి, మళ్ళీ కడిగి,
చెయ్యి ఉడకేసినట్టు ఎర్రగా ఉంది.
రిపోర్టులొచ్చేదాకా భార్య పక్కన పడుకోవచ్చా
అన్నదే అతని ప్రశ్న.
అది నోటిదాకా వచ్చి
ఈ వారమంతా మంచు కురుస్తుందంటారా
అని బయటపడింది.
రెండింటికీ జవాబు చెప్పాను.

పదకొండున్నరకి గావిన్ స్పింక్.
మార్చురీ పోర్టరు. అర్బ్రోత్ వాడు.
మాస్కు బిగుతు పరీక్ష కోసం
ఇరవై ఏళ్ళ గడ్డం గీయించుకొచ్చాడు.
దవడ మీద చర్మం పసిబిడ్డదిలా ఉంది,
చెయ్యి ఊరికే అక్కడికి వెళ్ళి
ఏమీ దొరక్క తిరిగొస్తోంది.

ముందు మాస్కు లేకుండా.
తల మీద ప్లాస్టిక్ ముసుగు దించి
కన్నంలోంచి చేదు మందు చిమ్ముతాను.
నోరు తెరిచి గాలి పీల్చాలి.
చేదు తగిలితే చెప్పండి.
పది సార్లు.
లేదన్నాడు.
ఇంకో పది.
ముప్పైకి అతని ముసుగంతా మంచు పట్టిన కిటికీ.
లోపలినుంచి చాలా మర్యాదగా,
"క్షమించండి సిస్టర్, నాకేం తెలియడం లేదు."

ముసుగు తీశాను.
ఎప్పట్నించి?
నేల చూశాడు.
"ఆ చలికాలం నుంచే.
ఒక్క రాత్రిలో పద్నాలుగు సార్లు లిఫ్టు దిగానే,
ఆ వారం జ్వరమొచ్చింది.
తగ్గింది. నోరు మాత్రం చచ్చిపోయింది.
మా ఆవిడకి చెప్పకండి.
గురువారం గురువారం చేపల సూపు కాస్తుంది.
ఉప్పు సరిపోయిందా అంటుంది.
సరిపోయిందంటాను.
ఒకసారి అసలు వెయ్యడమే మర్చిపోయిందట,
తనే తాగి చూసి
నా వంక అదోలా చూసింది."

ఫారంలో దీనికి గడి లేదు.
పనికి తగును, తగడు, షరతులతో తగును.
రుచి తెలియనివాళ్ళకి మెషిన్ పరీక్ష ఉంది, పెర్త్‌లో,
మంగళవారం రెండింటికి రాశాను.
సూపర్‌వైజరుకి వెళ్ళే కాగితంలో
తేదీ తప్ప ఏమీ ఉండదని రెండుసార్లు చెప్పాను.
అప్పటిదాకా గడ్డం పెంచొద్దన్నాను.
ఇంట్లో చెప్పడం గురించి
ఏదో అనబోయాను.
అతను కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు,
ఒక్కొక్కటీ, చాలాసేపు.

వెళ్ళాక
మందు పాతబడిందేమోనని
సీసా మీద తేదీ చూశాను. జూన్‌దాకా ఉంది.
అయినా నోరు తెరిచి
ఒక్కసారి చిమ్ముకున్నాను.

నాలిక మొదలంటా పాకింది.
సింకు రెండడుగుల దూరం.
లేవలేదు.

తలుపు కొట్టారు.
వంటగది పిల్ల, చేతుల మీద దద్దుర్లు.
బూట్లు తడిసి ఉన్నాయి.
రా అన్నాను,
నా గొంతు నాకే చేదుగా వినిపించింది.